మిర్చి ఎగ్జిబిషన్‌లో మా పిన్ని

మా గుంటూరుకి కళల పిచ్చి పట్టిన కొత్తలో అది ముందుగా అంటుకున్నవాళ్ళలో నేనొకదాన్ని. కాబట్టి ఆ మనుషుల గురించి ఇక్కడ ఏం తిట్టినా నన్ను కూడా కలిపే తిట్టుకుంటున్నానని అనుకోండి.

నేను బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు చెప్తాను. సాయంత్రం క్లాసు వదిలి బయటికొస్తే సందు మొదట్లో పొంగిన డ్రైనేజీ, దాన్ని ఆనుకునే పునుగుల బండి, బండి పక్కనే ఏదో క్లినిక్ వాళ్ళు పారేసిన దూది. వాటి మధ్యే నిలబడి జనం పునుగులు తింటుంటారు, చట్నీ ఇంకాస్త వెయ్యమని అడిగి మరీ. ఊరు అందంగా కనిపించాలని ఎవరో ప్రహరీ గోడ పొడుగూతా నాట్యం చేసే అమ్మాయిల బొమ్మలు వేయించారు. రంగు ఆరకముందే ఆ అమ్మాయిల నడుముల మీద గుట్కా ఉమ్ములు పడ్డాయి. చివరి అమ్మాయి కాళ్ళ దగ్గర, మువ్వల పక్కనే, వచ్చేపోయేవాళ్ళు ఒంటేలు పోస్తారు. పన్నెండేళ్ళుగా ముక్కుకి చున్నీ కట్టుకుని స్కూటీ మీద ఆ దారినే పోతున్నాను. 

అలాంటిది, పాత పొగాకు గొడౌన్ ఒకటి బాగుచేసి ఆర్ట్ గ్యాలరీ పెట్టారని తెలిసేసరికి ఎగిరి గంతేశాను. నున్నగా గీకిన ఇటుక గోడలు, ఏసీ, పసుపుపచ్చటి దీపాలు, మట్టి కప్పుల్లో కాఫీ. లోపలికి అడుగుపెడితే ఊళ్ళో దుర్వాసనంతా తలుపు బయటే ఆగిపోయేది. వారం వారం ఏదో ఒకటి ఉండేది. ఫొటోల ప్రదర్శన, వీణ కచేరీ, ఎవరికీ అర్థం కాని నాటకం. నాకూ అర్థమయ్యేవి కావు. కానీ కాఫీ తాగుతూ తల ఊపడం రెండు వారాల్లో నేర్చుకున్నాను. మూడో నెలకల్లా అక్కడి ప్రదర్శనలన్నీ నడిపే క్యూరేటర్ "మేడం, మీ అభిప్రాయం ఏంటి?" అని నలుగురిలో అడగడం మొదలుపెట్టాడు. నా అభిప్రాయం మా ఇంట్లో ఏ కూర వండాలనే విషయంలో కూడా ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అందుకని ఆ గొడౌన్ కోసం నేను ఏం చెయ్యమన్నా చేసేలా తయారయ్యాను.

ఆ క్యూరేటర్ డబ్బున్న ఇంటి మనిషి. హైదరాబాదులో చదివొచ్చాడు. నలిగినట్టు కనిపించే ఖరీదైన ఖాదీ చొక్కాలు వేసుకునేవాడు. ఒకరోజు నన్ను పిలిచి, మిర్చి మీద పెద్ద ఎగ్జిబిషన్ పెడుతున్నామనీ, హాలు మధ్యలో నిజమైన మిరపకాయలు రాశి పోస్తామనీ, దాని ముందు కూర్చుని తొడిమలు తీసే ఆడమనిషి ఒకరు కావాలనీ చెప్పాడు.

"నటించేవాళ్ళు వద్దు మేడం. నిజంగా ఆ పని చేసేవాళ్ళే కావాలి. ఆవిణ్ణి మనం శాలువా కప్పి గౌరవించుకోవాలి. తొడిమలు తీయడం కూడా ఒక కళే కదా."

నాకు తెలిసినావిడ ఉందని వెంటనే చెప్పేశాను. మా పిన్ని అని మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, నోటికి రాలేదు, అంతే.

పిన్ని మా అమ్మకి ఆఖరి చెల్లెలు. వినుకొండ దగ్గర పత్తీ మిరపా వేసేవాళ్ళు. బోరు ఎండిపోయాక బాబాయీ తనూ గుంటూరొచ్చి, ఊరి చివర కాలనీలో రెండు గదుల ఇంట్లో ఉంటున్నారు. సీజన్లో పిన్ని కోల్డ్ స్టోరేజీకి వెళ్ళి తొడిమలు తీస్తుంది. పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా ఆ ఘాటులో కూర్చోవడం వల్ల దగ్గు ఆవిణ్ణి ఎప్పుడూ వదలదు. మా అమ్మ పోయాక నా ఇద్దరు పిల్లల పురుళ్ళూ ఆవిడే పోసింది. నా చంటిపిల్లల గుడ్డలు ఉతికిన చేతులవి.

విషయం చెప్తే పడీ పడీ నవ్వింది.

"నాకా శాలువా? నేనేం జేశాననే కప్పడానికి?"

"తొడిమలు తీయడం కూడా కళే పిన్నీ," అన్నాను క్యూరేటర్ మాటని నా మాటలాగా.

"అట్టైతే మా కోల్డ్ స్టోరేజీ నిండా కళాకారులేనే! ఒకళ్ళకి ఒకళ్ళం కప్పుకోవాల శాలువాలు."

నవ్విందే గానీ ఆ మాట మనసులో పెట్టుకుంది. తనతో పనిచేసే ఆడవాళ్ళందరికీ చెప్పుకుంది. ఎగ్జిబిషన్‌కి ముఖ్య అతిథి మిర్చి వ్యాపారంలో పెద్ద మనిషి అని తెలిశాక నాకు ఫోన్ చేసి, "స్టేజీ మీద నాకు మైకిస్తారా ఏందే?" అని అడిగింది. ఇస్తారన్నాను. "అయితే ఒకటే మాట అడుగుతా. మేం కూచునే షెడ్డుకి నాలుగు కిటికీలు పెట్టించమంటా. పెద్దాయన నలుగురి ముందు సరేనంటే మళ్ళీ కాదనలేడుగా?" అంది. ఆ మాటని రెండు వాక్యాలుగా కూర్చుకుని వారం రోజులు ఫోన్లో నాకు అప్పజెప్పింది. "బాగుందా? కిటికీలు అనాల్నా, గాలి అనాల్నా?" అని సలహాలడిగేది. ఆ వారంలో ఒక్కసారి కూడా క్యూరేటర్ని ఈ మైకు సంగతి అడగలేదు నేను.

ఎగ్జిబిషన్ రోజు పిన్ని తన కూతురి పెళ్ళిలో కట్టిన మంగళగిరి చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. గొడౌన్ గుమ్మంలో చెప్పులు విప్పబోతే అక్కర్లేదన్నాను. అయినా విప్పింది. హాలు మధ్యలో నా నడుమెత్తున మిరపకాయల రాశి. పైనుంచి దీపాలు పడి నిగనిగలాడుతోంది. నాకు బ్రహ్మాండంగా అనిపించింది. పిన్ని దగ్గరికెళ్ళి గుప్పెడు తీసి వాసన చూసి మొహం తిప్పేసింది.

"ఇయ్యి తడిపారేందే? లోపల బూజు పట్టింది."

మెరుపు రావాలని నాలుగు రోజులుగా నీళ్ళూ నూనే కలిపి చల్లుతున్నారట. పైగా దుమ్ము పడకుండా రాత్రిళ్ళు ప్లాస్టిక్ పట్టా కప్పారట. ఎండుమిరపకాయని తడిపి పట్టా కప్పే మనిషి మా చుట్టుపక్కల ఊళ్ళలో ఒక్కడు కూడా దొరకడు. అది చదువుకున్నవాళ్ళకే సాధ్యం.

ఈలోపు క్యూరేటర్ వచ్చాడు. పిన్నిని పైనుంచి కిందికి చూసి, పెదవి విరిచి, నన్ను పక్కకి పిలిచాడు.

"చీర చాలా కొత్తగా ఉంది మేడం. పువ్వులు కూడా వద్దు. మేమే ఒకటి తెప్పించాం, అది కట్టుకోమనండి."

తెప్పించింది చూస్తే ఒళ్ళు మండిపోయింది. వెలిసిపోయిన నేతచీర, దానికి కావాలని వేయించిన రెండు మాసికలు. మా పిన్ని జన్మలో మాసిక చీరతో పనికెళ్ళలేదు. పనిలోకి కూడా ఉతికిన చీర కట్టి, పైన మగవాళ్ళ పాత చొక్కా తొడుక్కుని వెళ్తుంది. ఆ మాట చెప్పాల్సింది. నేను చీర తీసుకెళ్ళి పిన్ని చేతిలో పెట్టాను. "శాలువా కప్పే ముందు ఇది కట్టుకోవాలంట పిన్నీ," అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి బాత్రూంలోకి వెళ్ళింది.

"చాలా పర్‌ఫెక్ట్‌గా దొరికింది మేడం," అన్నాడు క్యూరేటర్ చేతులు రుద్దుకుంటూ. "ఇంతకీ ఆవిడ మీకేమవుతారు?"

"ఏమీ అవదండీ. మా పనమ్మాయికి తెలిసినావిడ," అన్నాను.

చెప్పి ఇటు తిరిగితే పిన్ని బాత్రూం తలుపు తెరుచుకుని నిలబడి ఉంది, మాసికల చీర కట్టుకుని, మంగళగిరి చీర మడత చంకలో పెట్టుకుని. విన్నదో లేదో ఆ మొహం చూస్తే తెలియలేదు. విననట్టే ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది గానీ ఆ పక్కనే ఎవరో పలకరిస్తే నవ్వు మొహం పెట్టుకుని అటు వెళ్ళిపోయాను.

జనం రావడం మొదలైంది. ఆ రెండు గంటలు తలుచుకుంటే ఇప్పటికీ ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టుంటుంది. పట్టుచీరల ఆడవాళ్ళు పిన్ని పక్కన గొంతుక్కూర్చుని సెల్ఫీలు దిగారు. ఒకావిడ "కొంచెం అలసిపోయినట్టు పెట్టమ్మా మొహం," అంది. ఇంకొకావిడ గుప్పెడు కాయలు పైకి చల్లుకుంటూ వీడియో తీయించుకుంది. గింజలు వెళ్ళి పిన్ని కళ్ళలో పడ్డాయి. పిన్ని పమిటతో కళ్ళు తుడుచుకుంటుంటే అది కూడా ఫొటో తీశారు. నీళ్ళు కారే కళ్ళు బాగా వచ్చాయని మెచ్చుకున్నారు. చూపుడువేలంత మిరపకాయ బజ్జీలు, ఒక్కో ఆకు దొప్పలో ఒక్కొక్కటి పెట్టి తిప్పారు. ఘాటుకి ఏసీ తోడై కాసేపట్లో హాలంతా తుమ్ములు. అయినా ఒక్కరూ బయటికి కదల్లేదు. కారే ముక్కుల్ని జరీ అంచులకి తుడుచుకుంటూ, అదే చేత్తో బజ్జీలు తింటూ, "ఎంత సహజంగా ఉందో" అనుకున్నారు. వాళ్ళలో నేనూ ఉన్నాను. నా చేతిలోనూ దొప్ప ఉంది.

పిన్ని మాత్రం పనిలో పడింది. తొడిమలు తీసే ఆడవాళ్ళకి ఒక అలవాటుంది. కాయ చేతిలోకి రాగానే ముందు దాని రకం చూస్తారు. ఎర్రటిది ఒకవైపు, రంగుపోయి తెల్లబారిన తాలు కాయ ఇంకోవైపు. కబుర్లు చెప్పుకుంటున్నా, కునికిపాట్లు పడుతున్నా, ఆ రెండూ కలిపి పడెయ్యడం వాళ్ళ చేతులకి చేతకాదు. పిన్నీ అదే చేసింది. పైగా తొడిమలు తీయడం మానేసి వట్టిగా ఏరడం మొదలుపెట్టింది. ఎర్రవి కుడివైపు, తాలు ఎడమవైపు, బూజు పట్టినవి వెనక్కి. ఫొటోల గొడవలో ఎవరూ పట్టించుకోలేదు. ముఖ్య అతిథి వచ్చేసరికి క్యూరేటర్ గారి ఎర్రకొండ సగానికి పైగా కరిగి మూడు కుప్పలైంది. అందులో పెద్దకుప్ప తాలుది.

ఆ పెద్దాయన దీపం వెలిగించి, తుమ్మి, రాశి దగ్గరికొచ్చి ఆగాడు. మిర్చి యార్డులో బతికిన మనిషి, ఆయనకి ఎవరూ ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది. వంగి ఒక తాలు కాయ తీసి విరిచి చూశాడు.

"ఏమయ్యా, ఈ తాలంతా ఎవడంటగట్టాడు నీకు?" అన్నాడు క్యూరేటర్‌తో గట్టిగా. "ఎరువు గుంటలో పోసే సరుకయ్యా ఇది!"

క్యూరేటర్ ఎరుపులో ఆ తెలుపు కలిస్తే బాగుంటుందని కావాలనే తాలు ఎక్కువ తెప్పించుకున్నాడట. ఆ సంగతి చెప్పబోయాడు. హాల్లో సగంమంది మిరప రైతుల పిల్లలే, పొలం వదిలి మేడలు కట్టుకున్నవాళ్ళు. అంతసేపూ తెలియనట్టున్నవాళ్ళంతా ఒక్కసారిగా పకపకా నవ్వారు. పెద్దాయన పిన్నిని చూసి, "బాగా ఏరావమ్మాయ్," అని ముందుకు నడిచాడు. పిన్ని గబుక్కున లేచి చేతులు జోడించింది. ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. ఆ రెండు వాక్యాలేమిటో ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు. అప్పటికే ఆయన చుట్టూ మనుషులు మూగి పక్క గదిలోకి తీసుకెళ్ళిపోయారు.

క్యూరేటర్ నా మీదికొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఏంటి మేడం ఇది? తొడిమలు తియ్యమంటే ఎగ్జిబిషన్ మొత్తం నాశనం చేసింది! ఎవరీవిడ? ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చారు మీరు? మీరు కావాలనే చేయించారా?"

నేను నలుగురి మధ్యా నిలబడి ఉన్నాను. వారం వారం నాతో కాఫీ తాగినవాళ్ళంతా నా జవాబు కోసం చూస్తున్నారు. "ఈవిడ మా పిన్ని, నువ్వు నోరుమూసుకో" అని అతనితో అనాలి. రెండు ముక్కల మాట. చేతిలో ఉన్న ఖాళీ దొప్పని మడతపెట్టడం మొదలుపెట్టాను. పిన్నే ముందుకొచ్చింది. ఒళ్ళో గింజలు దులుపుకుని, నా వైపు చూడకుండా, క్యూరేటర్‌తో చెప్పింది.

"ఆ మేడం గార్నేం అనబాకండి బాబూ. ఆమెకేం సంబంధం లేదు. ఆమెవరో నేనెరగను. పనుందని ఎవరో చెప్తే వచ్చా."

చెప్పి బాత్రూంలోకి వెళ్ళింది. తన చీర కట్టుకుని, ఆ మాసికల చీర మడతపెట్టి కుర్చీ మీద ఉంచి, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని, దగ్గుకుంటూ ఆటోలు ఆగే వైపు నడిచింది. అద్దాల తలుపులోంచి నాకు కనిపిస్తూనే ఉంది.

నేను క్యూరేటర్ వైపు తిరిగి, "సారీ అండీ," అన్నాను.