ముందు నుంచి పోతే ఫౌలు

మా డిస్కస్ కోచ్ ఒకప్పుడు పేరున్న త్రోయర్. గజపతినగరం మైదానంలో మాకు నేర్పేటప్పుడు మాత్రం డిస్కస్ ఎక్కడ పడిందో చూసేవారు కాదు, మా కాళ్లే చూసేవారు. విసిరాక సిమెంటు వలయంలోంచి ముందు వైపుగా బయటికొస్తే ఆ త్రో చెల్లదు. "ఒసే, ఎనక నుంచి రా. నేకపోతే ఫౌలైపోతాది," అనేవారు. ఆ వలయం ఆయన తన చేతుల్తో పోసింది. రోజూ తనే ఊడ్చేవారు.

ఒకసారి అక్కడ ఓ నాయకుడి సభ పెట్టారు. వలయాన్ని గునపంతో పగలగొట్టి, నడిమధ్యన షామియానా గుంజ పాతారు. పైగా సార్‌ని పిలిచి, ఆ పగిలిన సిమెంటు మీదే నిలబెట్టి శాలువా కప్పారు. సిగ్గు లేని మనుషులు.

ఫొటోలు అయ్యాక, సార్ పక్కన నిలబడ్డ నాయకుడు వలయం ముందు వైపు నుంచే బయటికి అడుగేశాడు. సార్ మైకు అందుకున్నారు.

"బాబూ, మీది ఫౌలు."

జోకనుకుని అందరూ నవ్వారు, చప్పట్లు కూడా కొట్టారు. ఆ చప్పట్లు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

సార్ నవ్వలేదు. శాలువా తీసి గుంజకి తగిలించి, వలయం వెనక నుంచి బయటికి నడిచారు.