ఊనా పట్టుకున్న చెయ్యి

గాల్వేకి పడమట, సముద్రం ఒడ్డునున్న మా కరారోలో ఊనా పాడటం మానేసి నాలుగేళ్లయింది. ఎవరడిగినా గొంతు బాగాలేదనేది. అబద్ధం! గొంతు నిక్షేపంగా ఉంది. పాట ఎత్తుకుంటే రెండు చరణాల దాకా వచ్చి మూడోది దొరికేది కాదు, అదీ అసలు సంగతి.

మా వైపు పాత పాట పాడేవాళ్లని ఒంటరిగా వదలరు. పక్కనున్నవాళ్లు చెయ్యి పట్టుకుని, పాట సాగినంతసేపూ నెమ్మదిగా తిప్పుతూ ఉంటారు. ఊనా చెయ్యి నలభై ఏళ్లు మొగుడు ఫెస్టీ పట్టుకున్నాడు. చేపల షెడ్డులో ఉప్పుకీ కత్తికీ గరుకెక్కిపోయిన ఆ చేతిని ఆ మనిషి ఎంత పదిలంగా పట్టుకునేవాడో చూసి తీరాలి. ఆయన పోయాక ఊనా వంటింట్లో కుర్చీ చెయ్యి పట్టుకుని పాడి చూసింది. కుర్చీకేం తెలుస్తుంది? తల్లి నేర్పిన ఆ పాట ఊళ్లో మరొకరికి పూర్తిగా రాదు. అది కూడా ఫెస్టీతోపాటే మట్టిలో కలిసిపోయిందని నమ్మేసింది పిచ్చిది.

ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూ, వాన జోరందుకునేసరికి మేనల్లుడు కోలీన్ నడిపే పబ్బులోకి దూరింది.

"మంచి టైముకొచ్చావత్తా, సూప్ తాగి కూర్చో. గాల్వే నుంచి బ్యాండొచ్చింది. మన ఫిడేలు, ఇండియా పాట కలిపి వాయిస్తారట."

"పాలల్లో చేప వేసినట్టుంటుందేమోరా!"

"పాలల్లో చేప ఉడికించుకుని లొట్టలేసుకుంటూ తినేది నువ్వే కదే," అన్నాడు పక్క బల్ల దగ్గరి ముసలి టమీన్. ఊనా వాడి వంక కొరకొరా చూసింది.

ముందు ఫిడేలు ఒక విషాదరాగం ఎత్తుకుంది, మా వైపు రాగమే. దాని మీద చీర కట్టిన ఒకావిడ మాటల్లేకుండా గొంతు కలిపింది. పేరు ఇందులేఖట, కేరళావిడ, గాల్వే ఆస్పత్రిలో నర్సు. స్వరాన్ని ఎక్కడా తెగనివ్వకుండా మెలికలు తిప్పుతూ పోతుంటే ఊనా చెంచా కింద పెట్టేసింది. ఓరి దేవుడా, అమ్మ ఇలాగే కదా పాడేది! ఇంత దూరం నుంచి వచ్చిన పిల్లకి ఇదెలా వచ్చింది?

తర్వాత ఆవిడ మాటలతో పాట మొదలెట్టింది. పక్కనొకతను మట్టి కుండ మీద వాయిస్తున్నాడు. ఆవిడ కుడిచెయ్యి తొడ మీద పడుతోంది, లేస్తోంది, తిరగబడుతోంది, వేళ్లు ఒక్కొక్కటే కదులుతున్నాయి. ఊనా కళ్లు ఆ చేతి మీదే ఉన్నాయి. పాపం, ఆ చెయ్యి ఎవరి కోసం వెతుక్కుంటోంది? ఇంతమందిమి చూస్తూ కూర్చున్నామే, ఒక్కరైనా లేచారా? సిగ్గులేని ఊరు!

లేచి వెళ్లి, పక్కన కూర్చుని, ఆ చేతిని గట్టిగా పట్టుకుని తిప్పసాగింది.

ఇందులేఖ గొంతు ఒక్క క్షణం తడబడింది. కుండ వాయించేవాడు నోరు తెరిచాడు. కౌంటరు వెనక కోలీన్ తల పట్టుకున్నాడు. కానీ ఇందులేఖ చెయ్యి లాక్కోలేదు. ఎడం పాదంతో నేల మీద లెక్క వేసుకుంటూ పాట చివరిదాకా లాక్కొచ్చేసింది.

చప్పట్లు ఆగకముందే కోలీన్ పరిగెత్తుకొచ్చాడు. "అత్తా! అది తాళమే! లెక్క వేసుకుంటోందావిడ! మొత్తం పాడుచేశావు కదా!"

ఊనా సిగ్గుతో చచ్చిపోయింది. "అయ్యో తల్లీ, నాకు తెలీదమ్మా..." అంటూ చెయ్యి తీసుకోబోయింది. ఇందులేఖ వదల్లేదు.

"తాళానికేంలెండి, కాళ్లున్నాయి. ఎందుకు పట్టుకున్నారమ్మా?"

"పాడేవాళ్లని ఒంటరిగా ఉంచం మేము."

ఇందులేఖ కళ్లు చెమ్మగిల్లాయి. "పదకొండేళ్లయింది నేనీ దేశం వచ్చి. పాడేటప్పుడు నా పక్కనెవరూ ఇలా కూర్చోలేదు." వెంటనే అడిగింది. "మరి మీ చెయ్యి ఎవరు పట్టుకుంటారు?"

టమీన్ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

"ఉండేవాడు," అంది ఊనా.

ఇందులేఖ గరుకైన ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని తిప్పడం మొదలెట్టింది.

"అట్లా కాదే, ఊయల ఊపుతున్నావా? ఇటు, నెమ్మదిగా," అని కసిరింది ఊనా. కసురుతూనే కళ్లు మూసుకుంది. పాట తనంతట తానే బయటికొచ్చింది.

మొదటి చరణం. రెండోది. అక్కడ ఊనా ఆగింది. ఇందులేఖ చెయ్యి మాత్రం ఆగలేదు, తిరుగుతూనే ఉంది. అది ఫెస్టీ చెయ్యి కాదు, చాలా మెత్తగా ఉంది, ఇంకా కాస్త తప్పుగానే తిప్పుతోంది. అయినా మూడో చరణం వచ్చేసింది, ఒక్క మాట పోకుండా. ఊనా బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

చరణం ముగిసింది. పాట అయిపోయిందనుకుని ఇందులేఖ పట్టు సడలించింది.

"వదలకే పిల్లా," అంది ఊనా. "ఇంకా రెండు చరణాలున్నాయి."