కుళాయి నీళ్లు దాచిన వేడి

మా ఆయన సౌదీలోని అల్ ఖోబర్‌లో పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డులో మెకానిక్. సౌదీ వాళ్లకి ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖాత్ లెక్కల్లో ఆ షెడ్డు ఎరుపులోకి, అంటే లెక్క తప్పినవాళ్ల జాబితాలోకి, జారబోతోందనీ, విదేశీ మెకానిక్కులిద్దరిలో ఒకర్ని తగ్గించుకోవాలనీ యజమాని చెప్పాడు. విదేశీ కుటుంబాల మీద తలకింతని నెలనెలా లెవీ వచ్చాక మా అంతస్తులో మూడు ఇళ్లు ఖాళీ అయ్యాయి. ఈయన ఉద్యోగం పోతే మా ఇఖామాలు, అంటే ఇక్కడ ఉండే అనుమతి పత్రాలు, రద్దై ముగ్గురం వెళ్లిపోవాల్సిందే. పాపకి అప్పుడు ఏడో నెల.

సరిగ్గా ఆ వారమే ఒక పడవ మూడోసారి తిరిగొచ్చింది. వేగంగా వెళ్తే ఇంజన్‌కి ఏమీ కాదు. రేవులోకి మెల్లగా వచ్చేటప్పుడే వేడెక్కి అలారం మోగుతుంది. షెడ్డులో గంటసేపు నడిపినా ఏ తప్పూ కనిపించదు.

"నాలుగోసారి వస్తే నీకు ఖురూజే," అన్నాడట యజమాని. అంటే ఇంటికి పంపేయడం.

శుక్రవారం షెడ్డు మూసి ఉన్నా ఈయన వెళ్లారు. అన్నం పట్టుకుని, పాపని ఎత్తుకుని నేనూ వెళ్లాను. ట్రైలర్ మీద పడవ, దాని వెనక ఇంజన్. నీళ్లు పీల్చే రంధ్రాలకి రబ్బరు కప్పులు బిగించి, కుళాయి పైపు తగిలించి నడుపుతున్నారు. పక్కనుంచి సన్నటి ధార బయటికి చిమ్ముతోంది. అది చిమ్మితే లోపల నీళ్లు తిరుగుతున్నట్టే.

"చూడు, ఎంత చల్లగా ఉందో! ఇది నాతో ఆడుకుంటందే," అని ఇంజన్ ఆపేశారు.

గిన్నె కడుగుదామని ఆ పైపే ఊడదీసి పట్టుకున్నాను. నీళ్లు ఎగిరి నా అబాయా, పాప మొహం తడిపేశాయి. పాప కెవ్వుమంది.

"ఏవండీ, ఈ నీళ్లని కుళాయి మోటారు తోస్తోంది కదా. సముద్రంలో ఎవరు తోస్తారు?"

"ఇంజన్‌లో పంపు లేదేంటి? బీఎస్సీ ఫిజిక్సు వచ్చి నాకు ఓనమాలు దిద్దిస్తందిరా దేవుడా!"

"ఆ పంపు బాగుందా మరి?"

"నాలుగు నెలల కితం నేనే మార్చా..." అంటూ ఆగిపోయారు. ఆ తర్వాత ఎండాకాలమంతా ఆ పడవ కదలకుండా ట్రైలర్ మీదే ఎండింది.

పెద్ద ప్లాస్టిక్ పీపా తెచ్చి, నీళ్లు నింపి, ఇంజన్ అడుగుభాగం అందులో ముంచారు. పైపు లేకుండా మెల్లగా నడిపితే ధార బొట్లుబొట్లుగా పడింది. కాసేపటికి అలారం మోగింది. వేగం పెంచగానే మళ్లీ ధార లేచింది. ఇంజన్ ఆపి, పంపు విప్పితే లోపలి రబ్బరు చక్రం రెక్కలు ఆ ఎండకి వంగినవి వంగినట్టే బిగుసుకుపోయి ఉన్నాయి. మెల్లగా తిరిగితే నీళ్లు పైకి ఎక్కించే శక్తి లేదు వాటికి.

"నేను మార్చింది గదా అని దీని జోలికే పోలేదే," అన్నారు, చేతిలో చక్రం తిప్పుతూ. కొత్తది వేశారు.

మర్నాడు యజమానితో సముద్రంలోకి వెళ్లారు. నేను పాపని ఒళ్లో పెట్టుకుని ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి మోగింది.

"అరగంట నుంచీ మెల్లగానే పోతన్నాం. వేడి చూపే ముల్లు కదల్లేదు. విను," అని ఫోన్ ఇంజన్ దగ్గర పెట్టారు. ఏ ఇంజన్ చప్పుడైనా నాకు ఒకటే. అయినా ఆయన తీసేదాకా విన్నాను.

"ముగ్గురి ఇఖామా కాపీలు రేపు తెమ్మన్నాడే. రెన్యువల్‌కి."

అన్నం తిన్నారా అని అడిగాను.

"నువ్వు తిన్నావా?" అన్నారు.

తినలేదు. ఫోన్ పెట్టేసి కంచం పెట్టుకున్నాను. చారు చల్లారిపోయింది. రెండోసారి కూడా వడ్డించుకున్నాను.