బాబాగారి దుంపలతో పులుసు

ఆ రోజుల్లో కువైట్‌లో మా అక్కకీ నాకూ మధ్య కారులో పావుగంట దూరం. ఆ పావుగంట దాటడానికి నాకు ఏడాదిన్నర పట్టింది! ఇద్దరం ఇళ్లలో పనికి వచ్చినవాళ్లమే. గుమ్మం దాటాలంటే మామా వెంట ఉండాలి (మామా అంటే ఇంటి యజమానురాలు, మేనమామ అనుకునేరు). అక్కవాళ్ల మామా, మా మామా తోడబుట్టినవాళ్లే. వాళ్లు వారం వారం కలుసుకునేవారు, మమ్మల్ని మాత్రం చెరో ఇంటికీ కాపలా పెట్టేవారు. అలాంటిది ఒక చలికాలం వానలు బాగా పడి, ఉత్తరాన ఎడారిలో నీళ్లు చెరువుల్లా నిలిచాయని, రెండు కుటుంబాలూ కలిసి అక్కడ గుడారాలు వేస్తాయని తెలిసింది. పనివాళ్లు కూడా రావాలట! ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

కారు దిగగానే అక్కని వాటేసుకున్నాను. "నలిపెయ్యకే, ఊపిరాడట్లేదు," అంటూనే అదీ వదల్లేదు. దూరంగా నీళ్లు, ఎర్రమట్టి రంగులో, ఎండకి తళతళా మెరుస్తున్నాయి. కోనసీమలో పుట్టి, ఏడాదిన్నరగా కుళాయి నీళ్లు తప్ప చూడని నాకు కాళ్లు ఆగలేదు. మామా వేలెత్తింది. "ముందు వంట. పని ఖలాస్ అయితే సాయంత్రం దాకా ఇద్దరూ నీళ్ల దగ్గరికి వెళ్లండి. తేడా వచ్చిందా, డ్రైవర్‌తో ఇంటికే." ఇక చూడండి మా చురుకు! బిర్యానీ, మాంసం, సలాడూ గబగబా చేసేశాం. అప్పుడు కనిపించింది, వంట గుడారం మూల ఒక సంచి. విప్పితే ఇసుక అంటిన గుండ్రటి దుంపలు.

"ఒసేయ్, చేమదుంపలే!" అంది అక్క.

"మనకెవరూ ఇవ్వలేదుగా అక్కా?"

"వంట దగ్గర పెట్టారంటే వంటకేగా. మనం తెలుగోళ్లమని బాబా తెచ్చుంటాడే. దేవుడిలాంటోడు."

ఆ దేవుడు మా ఇంటి యజమాని, మామా భర్త, ఆ సమయానికి భోజనానికి ముందు ఓ కునుకు తీస్తున్నాడు. అక్క ఇంటి నుంచి తెచ్చుకుని దాచుకున్న చింతపండు తీసింది. ఉడకబెట్టినా తొక్క ఊడి రాలేదు ("ఈ దేశంలో దుంపలక్కూడా మొండితనమేనే"). కత్తితో చెక్కి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, బెల్లం వేసి పులుసు పెట్టేశాం. ఆ వాసనకి నాకు కళ్లనీళ్లొచ్చాయి.

బాబా లేచి సంచి కోసం వెతికాడు. ఖాళీ సంచి దొరికింది. గిన్నె మూత తీశాడు. ఆయన కేకకి పిల్లలు ఆట ఆపేశారు. అవి ఫగా అట, పుట్టగొడుగుల్లాంటివి. వానలు పడితే ఎడారిలో భూమి లోపల పుడతాయట, ఏడాదంతా వాటికోసమే ఎదురుచూస్తారట. ఆయన పొద్దున్నుంచి వంగి వంగి, నడుం పడిపోయేలా వెతికి తెచ్చినవి! నా గుండె జారిపోయింది. ఆయన నడుం గురించి కాదు, పాపం నాదే, నీళ్ల గురించి. డ్రైవర్ అప్పటికే తాళాలు ఆడిస్తున్నాడు.

మామా ఎర్రబడిన మొహంతో నీళ్ల వైపు చెయ్యి చూపించింది. "యల్లా! ఇద్దరూ వెళ్లండి. ఆ చుట్టుపక్కలే పుడతాయి. దొరికేదాకా రావద్దు!"

మేం తలలు దించుకుని, ఏడుపు మొహాలతో నడిచాం. దిబ్బ దాటగానే పరుగో పరుగు! గౌన్లు మోకాళ్లదాకా ఎత్తి నీళ్లలో దిగాం. అక్క నా మీద నీళ్లు చల్లింది, నేను దాన్ని తోశాను. ఇద్దరం బురదలో కూలబడి, అమ్మ తిట్లన్నీ అమ్మ గొంతుతోనే తిట్టుకున్నాం. ఒడ్డుకొస్తుంటే నా కాలికింద నేల కాస్త ఉబ్బి పగిలి ఉంది. వేలితో తవ్వితే, గుండ్రటి దుంప!

"అక్కా, దొరికింది!"

అక్క అటూ ఇటూ చూసి, కాలితో దానిమీద ఇసుక కప్పేసింది. "ఏం దొరకలేదు. ఇంకా చాలా పొద్దుంది, పద."

గుర్తుగా నా జడపిన్ను గుచ్చాను. పొద్దు వాలాక వెతికితే ఇసుకంతా ఒక్కలాగే ఉంది, పిన్నూ లేదు, దుంపా లేదు. ఖాళీ చేతులతో, తడిసిన గౌన్లతో వచ్చాం. మామా ఆ గౌన్ల వైపు చూసి మొహం తిప్పుకుంది, కానీ ఆపుకుంటున్న నవ్వుకి భుజాలు కదిలాయి. పులుసు గిన్నెలో అడుగు కనిపిస్తోంది. ఎవరు తిన్నారంటే అక్కడ ఒక్కరూ ఒప్పుకోలేదు!

మరుసటేడు అక్క కోనసీమ వెళ్లిపోయింది. నేనిక్కడే ఉన్నాను. చలికాలం వాన పడిందంటే చాలు, ఫోన్ చేసి ముందు ఒకటే అడుగుతుంది, "దొరికిందేంటే?"

"లేదక్కా, వెతుకుతున్నా."

అంతటి ఎడారికి జడపిన్ను గుర్తు పెట్టిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడైతే దిబ్బలు లెక్కపెట్టి, జాగ్రత్తగా గుర్తుపెట్టుకుంటాను. కానీ దొరికితే ఇసుక కప్పేసేవాళ్లు పక్కన లేరుగా.