పద్దెనిమిది అంతస్తులని నేను చెప్పిన లెక్క

ఈ సంగతి ఎక్కడో ఒకచోట కాగితం మీద ఉండాలి. లేకపోతే మా గల్లీలో చెప్పుకునే కథే నిజమైపోతుంది. ఆ కథలో తప్పంతా బిల్డింగ్ కంపెనీది. నేను మాత్రం ఉన్నదున్నట్టు చెప్పినవాణ్ని. నాలుగేళ్లుగా ఆ మంచిపేరు మోస్తున్నాను. ఎంత బరువుగా ఉందో ఇంట్లో కూడా చెప్పుకోలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

తార్నాకలో, యూనివర్సిటీ గేటుకు దగ్గర్లో నాకు జిరాక్స్ షాపు ఉంది. ఇంటర్ తప్పాను. ఆ తర్వాత చదివిందంతా నా అంతట నేను చదువుకున్నదే. పిల్లలు కాపీకి తెచ్చే థీసిస్‌లను పేజీ పేజీ తిప్పుతూ చదివాను. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు షట్టర్ దించి లైబ్రరీకి పోయేవాణ్ని. అటెండర్ యాదగిరి చూసీ చూడనట్టు లోపలికి వదిలేవాడు. డిగ్రీలున్న వాళ్లకు తెలియని సంగతి ఒకటి నాకు తెలిసిందంటే ఆ రోజంతా నేల మీద నడిచేవాణ్ని కాదు. ఈ గర్వం గురించి ముందే చెప్పాలి. అది లేకపోతే మిగతాది జరిగేది కాదు.

మా వెనక గల్లీలో పాత గోడౌన్ కూలగొట్టి ఫ్లాట్ల టవర్ మొదలుపెట్టారు. గేటు ముందు బోర్డు మీద పద్దెనిమిది అంతస్తులని రాసి ఉంది. ఇంకా పెంచుతారని పుకారు. మస్తాన్ టీ కొట్టు దగ్గర రోజూ అదే ముచ్చట. ఎన్నో స్లాబ్ పడింది, ఎంత దాకా లేస్తుంది. ఆ టవర్‌కు ఉత్తరాన, రెండిళ్ల అవతల అనసూయక్క ఉంటుంది. భర్త పోయాడు. మిద్దె మీద అప్పడాలు, వడియాలు, సల్ల మిరపకాయలు ఎండబెట్టి హాస్టల్ మెస్సులకు, లాలాపేట్ దుకాణాలకు వేస్తుంది. ఎండ ఉంటేనే ఆమెకు పని. ఈ బిల్డింగ్ ఎంత పోతుందో చూసి చెప్పమని నన్నే అడిగింది.

నాకు అంతకంటే ఏం కావాలి? వారం రోజులు లైబ్రరీలో కూర్చున్నాను. విమానాలు తిరిగే ఊళ్లో భవనాల ఎత్తుకు ఒక హద్దు పెడతారు. ఆ హద్దును సముద్ర మట్టం నుంచి లెక్కిస్తారు. అందులోంచి మన నేల ఎత్తు తీసేస్తే భవనం ఎంత పోవచ్చో తెలుస్తుంది. హద్దు దొరికింది. నేల ఎత్తు ఒక పాత సర్వే పుస్తకంలో దొరికింది. తీసివేసి, అంతస్తుకు మూడు మీటర్ల చొప్పున భాగించాను. పద్దెనిమిది. బోర్డు మీద ఉన్న అంకే. దానికి మించి ఒక్క అంతస్తు కూడా వేయలేరు. నీడలు ఉత్తరానికి పొడుగ్గా పడే చలికాలంలో ఆమె మిద్దె మీద చీపురుపుల్ల నిలబెట్టి నీడ కొలిచాను. పద్దెనిమిది అంతస్తుల నీడ, నేరుగా ఆమె ఇంటివైపు పడే మిట్టమధ్యాహ్నం కూడా, ఆమె పిట్టగోడ దాకా రాదని చూపించాను. అప్పటినుంచి మస్తాన్ నన్ను 'సైంటిస్ట్ సాబ్' అనడం మొదలుపెట్టాడు. సగం ఎగతాళి. అయినా ఆ పిలుపు కోసమే రోజుకు రెండు టీలు ఎక్కువ తాగేవాణ్ని.

కొన్నాళ్లకు కంపెనీ ఇంకో ఏడు అంతస్తులకు దరఖాస్తు పెట్టింది. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో చెప్పమని గోడకు నోటీసు అంటించారు. గల్లీవాళ్లు అర్జీ రాసి ఇంటింటికీ తిరిగారు. అనసూయక్క సంతకం పెట్టలేదు. నన్ను తమ్ముడంటుంది. తమ్ముడు లెక్క కట్టాడు, సర్కారే ఒప్పుకోదు, పెద్దవాళ్లతో నాకెందుకు పంచాయితీ అందట.

గడువు ఇంకా రెండు రోజులుంది. ఎంటెక్ చదివే నరేశ్ తన ప్రాజెక్టు రిపోర్టు కాపీకి తెచ్చాడు. అందులో క్యాంపస్ నుంచి లాలాపేట్ దాకా నేల ఎత్తుపల్లాల పటం ఉంది. నేను లెక్కలోకి తీసుకున్నది లైబ్రరీ ఉన్న గుట్ట ఎత్తు. మా గల్లీ ఎక్కడో కింద ఉంది. లైబ్రరీ నుంచి ఇంటికి రోజూ సైకిల్ తొక్కకుండా దిగి వచ్చేవాణ్ని, ఆ మాత్రం తట్టలేదా నాకు? నరేశ్‌ను రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను. నేల ఎంత కిందికుంటే, హద్దు దాటకుండా భవనం అంత ఎక్కువ లేవొచ్చు. ఆ తేడాలో ఏడు అంతస్తులు సులువుగా పడతాయి.

అదే సాయంత్రం గల్లీవాళ్లు అర్జీని మూడు కాపీలు తీయమని నా షాపుకే తెచ్చారు. అనసూయక్క పేరు ఉంది. ఇంటి నంబరు ఉంది. పక్కన సంతకం చోటు ఖాళీ. కాగితాన్ని గాజు మీద బోర్లించి మూత వేశాను. మూడుసార్లు వెలుగు కదిలింది. ఆమె ఇల్లు రెండు నిమిషాల దూరం. పోలేదు. మర్నాడూ పోలేదు.

ఎందుకు పోలేదు? ఒక్క సంతకంతో ఆగుతుందా అనుకున్నాను. నరేశ్ పటం కూడా తప్పేమో అనుకున్నాను. ఇవన్నీ తర్వాత కూర్చుకున్న సాకులు. నిజం ఇంతకంటే చిన్నది, అందుకే చెప్పడానికి ఇంత కష్టంగా ఉంది: ఇంటర్ తప్పినవాడి చదువు ఇంతేనని టీ కొట్టు దగ్గర నవ్వుతారని భయపడ్డాను, ఆ నవ్వును ఒక మనిషి బతుకుతో తూచి, నవ్వే బరువనుకున్నాను.

అనుమతి వచ్చింది. సంతకం పెట్టిన ఇళ్లవాళ్లను కంపెనీ పిలిచి మాట్లాడింది, ఎంతో కొంత పరిహారం ఒప్పుకుంది. అనసూయక్కను ఎవరూ పిలవలేదు.

ఇరవయ్యో స్లాబ్ పడ్డాక, చలికాలంలో ఒకరోజు ఆమె షాపుకు వచ్చింది. మిషన్ పక్కన ఒక వడియాల పొట్లం పెట్టింది.

"ఇరవై అయినయ్ గద తమ్మీ."

"అయినయ్ అక్కా."

"గీ పొట్లంల బూజు ఉంటే చూసి పారెయ్. ఎండ పదింటికే పోతున్నది. మెస్సోళ్లు సగం వాపస్ పంపిన్రు."

తల వంచుకుని పొట్లం విప్పి ఒక్కో వడియం తిప్పి చూశాను.

"నువ్వెందుకు మొకం గట్ల పెడ్తవ్? నువ్వు సక్కగనే చెప్పినవ్. గాళ్లు పైసలు తినిపిచ్చి రూల్ మార్చుకున్నరు. గంత మోసం నీ బుక్కుల రాసి ఉంటదా ఏంది?"

"గంతే అక్కా. మార్చుకున్నరు."

మొదటిసారి ఊరుకున్నాను. ఈసారి నోరు తెరిచి అబద్ధం చెప్పాను. నన్ను ఓదార్చడానికి వచ్చిన మనిషికి.

ఇప్పుడు ఇరవై నాలుగో స్లాబ్‌కు సెంట్రింగ్ చెక్కలు కడుతున్నారు. పొద్దున లేస్తూనే తల ఎత్తి లెక్కపెడతాను. లెక్క మారదని తెలిసినా మళ్లీ పెడతాను. చలికాలం వస్తే కంటికి నిద్ర ఉండదు. పోయినేడాది నుంచి ఆమె నవంబరు, ఫిబ్రవరి మధ్య అప్పడాలు మానేసి హాస్టల్ వంటగదిలో గిన్నెలు కడగడానికి పోతోంది. లైబ్రరీకి పోవడం నేనూ మానేశాను. అది శిక్ష అనుకున్నాను. ఎవరికి ఉపయోగం?

ఇది రాస్తుంటే ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. అంతకు మించి నేను అడగడం లేదు.

నన్ను లోపలికి రానిచ్చిన యాదగిరికి, విసుక్కోకుండా పటం విడమరిచి చెప్పిన నరేశ్‌కు, నేను టీ కొట్టుకు రావడం తగ్గించినా కారణం అడగని మస్తాన్‌కు కృతజ్ఞతలు. అనసూయక్క పేరు ఈ వరుసలో రాయడానికి నాకు మొహం లేదు. మొదటి కాపీ రేపు ఆమెకే ఇస్తాను. చదివి ఏమంటుందో తెలియదు.

తప్పింది నా లెక్క అక్కా. గడువు ఉండంగనే నాకు ఎరికైంది. నీకు చెప్పలే.