ఓసారి చెయ్యి ఇటివ్వండి

మా దుర్గాప్రసాద్ మనిషి మొహం చూడడు, చేతులు చూస్తాడు. చూసి ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు. జేబులోంచి దర్జీ టేపు తీసి "ఓసారి చెయ్యి ఇటివ్వండి" అంటాడు. ఎందుకని అడిగేలోపే బొటనవేలి పొడుగూ అరచేతి వెడల్పూ కొలిచేసి, పుస్తకంలో రాసేసుకుని, "థాంక్సండీ" అని వెళ్లిపోతాడు. మళ్లీ వీధిలో కనబడితే పేరు గుర్తుండదు. "మీది ఏడున్నర అంగుళాల చెయ్యి కదండీ, బాగున్నారా?" అని పలకరిస్తాడు.

వీడు మా అక్క వెంకటరత్నమ్మ కొడుకు. నా పేరు బసవయ్య, పామర్రు పక్కన వ్యవసాయం. నేను ఊరి బళ్లో ఎనిమిదో తరగతి వరకే చదివినా, మావాడు సాధించినవన్నీ ఏళ్లతో సహా అప్పజెప్పగలను. తొమ్మిదో తరగతిలో జిల్లా సైన్సు ప్రదర్శనలో మొదటి బహుమతి. చెక్కపెట్టెకి హవాయి చెప్పుల ముక్కలు బటన్లుగా అతికించి, వీడియోగేము ఆడే మీటలపెట్టె చేశాడు. "పనికిరాని పాత చెప్పులతో" అని సర్టిఫికెట్టులో రాశారు. అవి నావి. ముందురోజు సాయంత్రం దాకా తొడుక్కున్నవి.

ఆ తర్వాత ఇంజనీరింగు, ఫస్టు క్లాసు. గవర్నర్‌పేటలో మేడమీద చిన్న గదిలో గేము మిషన్ల రిపేరు కొట్టు, ఆరేళ్లు. ఇప్పుడు భవానీపురంలో షెడ్డు, నలభై మంది ఆడవాళ్లకి పని, 'పిడికిలి' అని సొంత పేరు. టీవీ ముందు కూర్చుని పిల్లలు రెండు చేతులా పట్టుకుని ఆడుతుంటారే గేమ్‌ప్యాడ్లు, అవి మన విజయవాడలో తయారై ఎనిమిది రాష్ట్రాలకి వెళుతున్నాయి. రాష్ట్రస్థాయి యువ పారిశ్రామికవేత్త బహుమతి కూడా వచ్చింది. ఆ ఫొటో మా ఇంట్లో హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి ఉంది.

ఆ బహుమతి రోజే పరువు పోయినంత పనైంది. శాలువా కప్పిన పెద్దమనిషి షేక్‌హ్యాండ్ ఇవ్వబోతే, వీడు ఆ చెయ్యి వదలకుండా రెండో చేత్తో జేబులోంచి టేపు తీశాడు. వెనకున్న గన్‌మన్ తుపాకీ మీద చెయ్యేశాడు. వీడు గన్‌మన్ వైపు చూసి, "మీది తర్వాత కొలుస్తానండీ, కాస్త ఆగండి" అన్నాడు.

పామర్రు గుళ్లో పూజారిగారు శఠగోపం పెట్టబోతే ఆయన చెయ్యి పట్టుకున్నాడు. నా మోకాలి నొప్పికి ఆస్పత్రికి తీసుకెళ్లి, డాక్టరుగారు నా నాడి చూస్తుంటే వీడు డాక్టరుగారి చెయ్యి చూశాడు.

ఇక పెళ్లిచూపుల సంగతి చెప్పకపోతే పాపం. అమ్మాయి సుస్మిత, బ్యాంకు ఉద్యోగం. కాఫీ కప్పు అందిస్తుంటే వీడు కప్పు పక్కన పెట్టి చెయ్యి అందుకున్నాడు. 

"గాజుల సైజా బాబూ?" అన్నాడు పిల్ల తండ్రి, నవ్వు తెచ్చుకుని.

"కాదండీ. బొటనవేలు ఎంతవరకూ తిరుగుతుందో చూస్తున్నా" అని, సుస్మిత వైపు తిరిగి "వేళ్లు నొప్పెడుతున్నాయాండీ?" అన్నాడు.

నేను మా అక్క చెవిలో "పాణిగ్రహణం ఇప్పుడే అయిపోయింది, ఇక భోజనాలు పెట్టించు" అన్నాను. సుస్మిత మాత్రం, "ఇప్పటికి ముగ్గురొచ్చారు నాన్నా. జీతం ఎంత, బదిలీ అవుతుందా అని అడిగారు. ఈయన వేళ్లు నొప్పెడుతున్నాయా అని అడిగారు" అంది. ఆ నెలలోనే పెళ్లి.

వీడు ఇలా ఉండగా, మొన్న వేసవిలో అసలు పరీక్ష వచ్చింది. బెంగుళూరు కంపెనీ ఒకటి తమ గేమ్‌ప్యాడ్లన్నీ మన షెడ్డులో చేయించుకుందామని కబురు చేసింది. ఆ ఆర్డరొస్తే రెండేళ్లు పనికి లోటుండదు. రాకపోతే దసరాకి షెడ్డు తాళం వేయడమే. పాత ఆర్డర్లు అప్పటికి అయిపోతాయి. ఈ మాట నలభై మందికీ తెలుసు. చిక్కేమిటంటే, కంపెనీవాళ్లు అందరికీ ఒకే సైజు చెయ్యమన్నారు. మావాడేమో మూడు సైజులుండాలని భీష్మించుకున్నాడు.

ఖాయం చేయడానికి కంపెనీ నుంచి శాలిని అనే పెద్ద ఆఫీసరు వస్తోందని తెలిసి, నేను ముందురోజే పామర్రు నుంచి దిగాను. మర్నాడు పొద్దున వాడు స్నానానికి వెళ్లగానే చొక్కా జేబులోంచి టేపు తీసి పంచె రొంటిన దోపుకున్నాను.

ఆవిడ కారు దిగింది. నలభై ఏళ్లుంటాయి, చురుకైన మనిషి. మావాడి కళ్లు తిన్నగా ఆవిడ చేతుల మీదికే వెళ్లాయి. జేబులన్నీ తడుముకున్నాడు.

"మామయ్యా, టేపు చూశావా?"

"ఇవాళ కనబడదు. వెళ్లి మాట్లాడు."

"ఏదో పారేసుకున్నట్టుంది మామయ్యా, మాట రావట్లేదు."

ఆవిడ కోసం తెచ్చిన పూలగుత్తికి కట్టిన దారం, దాంతోనైనా కొలుద్దామని విప్పబోతుంటే వేళ్ల మీద ఒక్కటిచ్చాను.

లోపల కూర్చున్నాక శాలినిగారు నేరుగా విషయానికొచ్చింది. "మూడు సైజులంటే మూడు అచ్చులు, మూడు పెట్టెలు, మాకు కుదరదండీ. ప్రపంచమంతా ఒకే సైజు అమ్ముతున్నారు కదా?"

"ప్రపంచమంతా వేళ్లు నొప్పులని కూడా అంటున్నారు కదండీ."

బల్ల కింద నేను వాడి కాలు తొక్కాను. "సరేనంటాడు లెండి, పిల్లాడు మంచివాడు" అన్నాను. పిల్లాడికి ముప్ఫై తొమ్మిది.

"నేను సరేననలేదు మామయ్యా" అన్నాడు వాడు.

శాలినిగారు వాచీ చూసుకుంది. ఇక లాభం లేదనుకున్నాను. "సరే, వచ్చాను కాబట్టి షెడ్డు చూసి వెళతాను" అని లేచింది. ఆ 'వెళతాను' వినేసరికి నా ప్రాణం ఉసూరుమంది.

షెడ్డులో చివరి బల్ల దగ్గర హరిచందన అనే అమ్మాయి తయారైన గేమ్‌ప్యాడ్లు పరీక్ష చేస్తుంటుంది. మొత్తం షెడ్డులో ఆ అమ్మాయంత వేగంగా తప్పు పట్టేవాళ్లు లేరు. శాలినిగారు అక్కడ ఆగిపోయింది. ఆ అమ్మాయి బల్ల మీద, సరిచూసుకోవడానికి పెట్టుకున్న గేమ్‌ప్యాడు మిగతావాటిలా లేదు. ఎడమవైపు బటన్లన్నీ లోపలికి జరిగి ఉన్నాయి.

"ఇదేంటి, నాలుగో సైజా?"

"నా సైజండీ మేడంగారూ" అని హరిచందన ఎడమ చెయ్యి చూపించింది. చివరి రెండు వేళ్లు లేవు. "మా నాన్నది పామర్రు సెంటర్లో చెరుకురసం బండి. చిన్నప్పుడు మిషన్లో పడ్డాయి."

"మీ కోసమే చేశారా?"

"అవునండీ. పన్లోకి తీసుకునే రోజు నేను చున్నీ కింద చెయ్యి దాచుకుని వరసలో ఆఖర్న నిలబడ్డానండీ. చూస్తే తీసుకోరని భయం. సారు టేపు తీసుకుని వాచ్‌మన్ దగ్గర మొదలెట్టారు. టీ తెచ్చినాయన్ని కొలిచారు. నన్ను దింపిన ఆటో ఆయన్ని కూడా లోపలికి పిలిచి కొలిచారు. అందరూ నవ్వుతా చేతులు చాపుతున్నారు. నా దాకా వచ్చేసరికి నేనూ నవ్వుతా చాపేశానండీ. చూసి ఒకటే అన్నారు, 'బటన్లు కొంచెం లోపలికి జరపాలి, శనివారానికి చేస్తా' అని. ఇంకేం అడగలేదు."

నాకు పూజారిగారు గుర్తొచ్చారు, గన్‌మన్ గుర్తొచ్చాడు, నేను పదిహేనేళ్లుగా పెట్టిన చివాట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి.

"ఒరేయ్, అందుకా అందర్నీ కొలుస్తావు?" అన్నాను.

వాడు తల గోక్కున్నాడు. "అవసరమున్నవాళ్లనొక్కళ్లనే అడిగితే బాగోదు కదా మామయ్యా."

శాలినిగారు కుడిచెయ్యి ముందుకు చాపింది. "నాది ఏ సైజో చెప్పండి."

నేను రొంటిన ఉన్న టేపు తీసి వాడి చేతికిచ్చాను.

"పొద్దుట్నుంచీ నీ దగ్గరే ఉందా మామయ్యా!"

"మాట్లాడక కొలవరా."

కొలిచాడు. "మీది చిన్న సైజండీ. అరగంట ఆడితే బొటనవేలి మొదట్లో నొప్పొస్తుంది కదూ?"

"వస్తుంది" అంది ఆవిడ ఆశ్చర్యంగా. "నా చెయ్యే అంతేమో అనుకున్నాను."

"మీ చేతికేం లోటండీ? వాళ్లు వేరేవాళ్ల చేతికి చేసి మీకు అమ్మారు."

ఆవిడ అక్కడే నిలబడి బెంగుళూరుకి ఫోన్ చేసింది. అవతలివాళ్లు ఏమన్నారో వినబడలేదు గానీ, ఈవిడ మాత్రం "మూడు. అవును, మూడు. నా చెయ్యి నొప్పెడుతోందని నేను చెబుతుంటే మీరేం చెబుతారు?" అంది. నలభై మంది ఒకేసారి ఊపిరి పీల్చుకున్నారు. హరిచందన మళ్లీ పన్లో పడింది.

ఆఫీసు గదిలో కాగితాలు సిద్ధం చేశారు. స్వీటు పెట్టె విప్పారు. శాలినిగారు పెన్ను తీసి సంతకం పెట్టింది. తీరా చూస్తే మావాడు లేడు. షెడ్డంతా వెతికాను. నలభై కుటుంబాల రెండేళ్ల తిండి ఆ బల్ల మీద ఉంటే, ఈ మహానుభావుడు బయట ఎండలో నిలబడి ఆవిడ్ని తెచ్చిన కారు డ్రైవరు చెయ్యి పట్టుకుని ఉన్నాడు. డ్రైవరు బిత్తరపోయి చూస్తున్నాడు.

"ఒరేయ్, లోపల సంతకం పెట్టాలిరా!"

"ఒక్క నిమిషం మామయ్యా" అన్నాడు తలెత్తకుండా. "ఈయన అరచెయ్యి చూడు, ఎంతుందో! మూడు సైజులు చాలేట్టు లేవు."