తల్లి మీద వేసిన నింద

ఈ మాట నా గొంతులో అడ్డంపడి ఏళ్లయింది. ఇన్నేళ్లూ అన్నం దిగింది, నీళ్లు దిగాయి, ఇది మాత్రం దిగలేదు. నీకు చెప్తున్నాను. ఛీ అన్నా సరే, విను.

మా అక్కను గోదావరి నడుమ తిప్ప మీదున్న పల్లెకు ఇచ్చారు. బావ పుట్టిలో ఏరు దాటి గోదావరిఖనికి బొగ్గు పనికి వచ్చేవాడు. నేను అక్కడే గని దవాఖానలో కాంపౌండర్ని. బిడ్డ చనిపోయాక అక్క తిండీ మాటా మానేసి గోడకేసి చూస్తూ కూర్చుంటే, మా డాక్టరు మనసు కుదుటపడే గోలీలు ఇచ్చాడు. మధ్యలో ఆపితే ప్రాణానికే ముప్పని నాతో గట్టిగా చెప్పాడు. మెల్లగా అక్క తల దువ్వుకుంది. బావతో పోట్లాటకు కూడా దిగింది. ఎంత సంబరపడ్డామో!

అంతలో తిప్ప మీద మశూచి వచ్చింది. తల్లి వచ్చింది అంటాం మేం. తల్లి ఊళ్లో ఉన్నంతకాలం ఎవరూ మందు ముట్టకూడదని మావాళ్ల కట్టడి. రాకపోకలు బందయ్యాయి, బావ ఇవతలే చిక్కుకున్నాడు. గోలీలు అయిపోయి అక్క తనే పుట్టి వేసుకొని రేవు దాకా వచ్చింది. గోలీలు నా జేబులోనే ఉన్నాయి. కానీ ఆ పుట్టితోపాటే మశూచీ వస్తోందనిపించి వెనక్కి జరిగాను. ఊరందరికీ టీకాలు వేసినవాణ్ణి, నేనూ వేయించుకున్నవాణ్ణి, అయినా దగ్గరికి పోలేకపోయాను. భయమేస్తోందని చెప్పడానికి సిగ్గేసి, ఒడ్డునుంచే అరిచాను.

“అక్కా, తల్లి ఊర్లున్నప్పుడు మందు ముట్టద్దు. కోపానికొస్తది.”

“దవాఖానల పనిజేసెటోనివి, నువ్వు గూడ గట్లనే అంటవేందిరా తమ్మీ? సారు చెప్పిండా?”

“చెప్పిండు.”

“గట్లనా. నువ్వు చెప్తే ఇగ నాకేం ఫికర్.”

వాళ్ల అత్త అదే మాట అన్నప్పుడు అక్క వినలేదట. నేనంటే నమ్మింది. పుట్టి తిప్పుకొని పోయింది. ఆగు అని ఎందుకు అనలేదు? మూటగట్టి విసిరితే సరిపోయేది కాదా? రేపు పంపుదాం అనుకున్నాను. పంపలేదు.

తల్లి ఊరు విడవకముందే అక్క నీళ్లకని పోయి గోదావరిలో కలిసింది. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు. తల్లే తీసుకపోయిందన్నారు అందరూ. నేనూ తల ఊపాను.

బావ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఏటా తల్లికి బోనం ఎత్తి, నా పెండ్లాన్ని ఎందుకు తీసుకపోయినవే అని ఏడుస్తాడు. పక్కన నిలబడి ఆయన భుజం పట్టుకునేది నేనే. నోరు తెరవబోతాను, రాదు. ఇవాళ నీ దగ్గర వచ్చింది. ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. బావ మాత్రం ఇంకా ఆ తల్లినే తిడుతున్నాడు.